గుండా, పరుపుబండా?

పోయిన మాఘమాసంలో ధర్పల్లి దగ్గర ఒక కల్లంలో కూర్చున్నాను. ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. ఆ ఇంటి పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. నేను డిగ్రీ పిల్లలకు జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణని ఎవరో చెప్పారట. తల్లి కొమ్ములు తిరగబోస్తూనే నన్ను అడిగింది.

“సార్, మా పిల్ల కంప్యూటర్ ఇంజినీరింగ్ వద్దంటది. రాళ్ల సదువు సదువుతదట. రాళ్లు సదివితే ఏమొస్తది సార్?”

“మీ పొలంల ఎన్ని బోర్లు ఏసిండ్రు అమ్మా?” అన్నాను.

“ఐదు. రెండే పడ్డయి.”

“మిగిలిన మూడు ఎందుకు పడలే?”

“రెండిట్ల మొరమే లేదు, పైపైననే బండ తగిలింది. గట్లుంటే నీళ్లేడ నిలుస్తయి? ఇంకోటి మూడొందల ఫీట్లు పోయింది, దుమ్ము తప్ప ఏం రాలే. లోపల బండ పలగలే సార్. పలిగితేనే గద నీళ్లు.”

“నువ్వు ఇప్పుడు చెప్పినవు సూడు, మీ బిడ్డ సదువుతా అంటున్నది గదే” అన్నాను.

ఆమె నమ్మలేదు. కానీ నేను మాట వరసకు అన్నది కాదది. నిజామాబాద్ జిల్లా తూర్పు వైపు భూమి ఎక్కువగా గ్రానైటు. గ్రానైటులో నీరు రెండే చోట్ల నిలుస్తుంది: పైన చివికి మొరంగా మారిన పొరలో, లోపల బండ పగిలిన సందుల్లో. పుస్తకాల్లో పేజీల కొద్దీ రాసిన విషయాన్ని ఆమె రెండు మాటల్లో చెప్పింది. అందుకు ఆ ఇల్లు మూడు బోర్ల ఖర్చు పోగొట్టుకుంది. మన ప్రాంతంలో భూమి కింద ఏముందో తెలియక అప్పులపాలైన ఇళ్లు తక్కువేం కావు. ఆ కిందిదాన్ని చదువుతానని ఒక పిల్ల ముందుకొస్తే కన్నవాళ్లు కంగారు పడటం చూసి నాకు బాధ కలిగింది. కంగారు తప్పని అనను. తెలియని దారి కాబట్టి భయం. ఆ దారి ఎలా ఉంటుందో నాకు తెలిసినంత చెబుతాను.

ఆర్మూరు సిద్ధులగుట్ట ఎక్కని వాళ్లు మన వైపు అరుదు. దర్శనం అయ్యాక దిగేటప్పుడు ఒక్కసారి ఆగి రాళ్లను చూడండి, పిల్లలకూ చూపించండి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ గుండ్లను ఎవరూ తెచ్చి పెట్టలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. బండకు నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడ్డాయి. పగుళ్లలోకి నీరు దిగింది. మూలల మీద మూడు వైపుల నుంచీ దాడి జరుగుతుంది కాబట్టి అవి ముందు చివికాయి, మధ్యలో గట్టి భాగం గుండ్రంగా మిగిలింది. చుట్టూ ఉన్న మొరం వానలకు కొట్టుకుపోయిన చోట గుండ్లు బయటపడ్డాయి. కొట్టుకుపోని చోట ఆ గుండ్లు ఇంకా మొరంలోనే, మన కాళ్ల కిందే ఉన్నాయి.

ఈ వృత్తిలోని అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. వంతెన కట్టాలి. పునాది కోసం డ్రిల్లింగ్ చేస్తారు. ఆరు మీటర్ల లోతున రాయి తగిలింది. “బండ దొరికింది, పునాది ఇక్కడే” అంటారు అందరూ. అది భూమంతా పరుచుకున్న పరుపుబండా, మొరంలో తేలుతున్న గుండా? పరుపుబండ అయితే వందేళ్లు మోస్తుంది. గుండు అయితే బరువు పడ్డాక కిందికి జారుతుంది, దాంతో పాటు స్తంభమూ ఒరుగుతుంది. పైనుంచి చూసేవాడికి రెండూ ఒకటే రాయి. చదువుకునే రోజుల్లో ఒక చిన్న కల్వర్టు పని దగ్గర నేనే గుండును బండ అని రాసిచ్చాను. మా పెద్దాయన ఆ కాగితం చూసి, “ఇంకో రెండు మీటర్లు పోనియ్” అన్నాడు. మీటరు దాటగానే డ్రిల్లు మెత్తటి మొరంలోకి దిగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లయినా ఆ మీటరు గుర్తుంది.

ఇంజినీరింగ్ జియాలజీ అంటే ఇదే. డ్యామ్, సొరంగం, వంతెన, రైలు కట్ట, పెద్ద భవనం, ఏది కట్టాలన్నా ముందు దాని కిందున్న భూమిని చదివి చెప్పే పని. మార్కెట్ యార్డులో వ్యాపారి పసుపు కొమ్మును పుటుక్కున విరిచి లోపలి రంగు చూస్తాడు కదా, వీళ్లూ భూమిని అలాగే చూస్తారు. డ్రిల్లింగ్ మిషన్ కొనకు వజ్రపు పొడి పొదిగిన గొట్టం బిగించి తిప్పితే, రాయి కర్రలా గుండ్రంగా కోసుకుని బయటికొస్తుంది. దాన్ని లోతు ప్రకారం పెట్టెల్లో వరసగా పేరుస్తారు. మీటరు పొడవు కోసినప్పుడు పది సెంటీమీటర్లకు తగ్గని ముక్కలను మాత్రమే కలిపి కొలుస్తారు. మొత్తం తొంభై సెంటీమీటర్లు వస్తే రాయి బాగున్నట్టు. ఇరవయ్యే వస్తే లోపల బండ నుజ్జునుజ్జుగా ఉందన్నమాట. మట్టి అయితే ఇంకో పద్ధతి: 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం ముప్పై సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. ప్రపంచమంతటా ఈ లెక్క ఇదే. ఇందులో మంత్రం లేదు. ఓపిక ఉంది, లెక్క తప్పకుండా రాయడం ఉంది.

మన ఉమ్మడి జిల్లా ఈ చదువుకు మంచి బడి. తూర్పున గ్రానైటు, పడమట బోధన్, బాన్సువాడ వైపు పోతే లావా గడ్డకట్టిన నల్లరాయి, దాని మీద నల్లరేగడి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద మామూలు పునాదితో కట్టిన గోడలు పగులుతాయి. ఆ నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అడుగున గంటలా వెడల్పయ్యే పైల్ పునాదిని తయారుచేసింది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ గడ్డ మీదే ఉంది. దాన్ని కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ధర్పల్లి మండలంలో రామడుగు ప్రాజెక్టు ఉండనే ఉంది. పిల్లలను కట్ట మీదికి తీసుకెళ్లినప్పుడు నీళ్లను చూశాక కట్ట అవతలి వైపు అడుగున తడి ఉందేమో కూడా చూడమనండి. ఇంజినీర్లు అక్కడ చూసేదీ ఆ తడినే: అది పెరుగుతోందా, తేటగా ఉందా, మట్టిని వెంట తెస్తోందా అని.

ఇక మీ భయం సంగతి. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం లోపల కూలింది. ముఖద్వారం నుంచి దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల లోపల నీరు, బురద, రాళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో ఒక్కరూ బతికి రాలేదు. ఇద్దరి దేహాలు మాత్రమే దొరికాయి. ఆ వారాల్లో టీవీ చూసిన ఏ తల్లికైనా “ఇట్లాంటి తావుకా నా బిడ్డను పంపేది?” అనిపిస్తుంది. ఆ భయాన్ని నేను తేలిక చేయను. సొరంగం పనిలో ప్రమాదం ఉంది. అయితే అదే ఘటనను ఇంకో వైపు నుంచి చూడండి. సొరంగం తవ్వేటప్పుడు ముందున్న రాయిలోకి పొడుగాటి రంధ్రాలు వేసి, అక్కడ నలిగిన పొర ఉందా, నీరు దాగి ఉందా అని చూసుకుంటూ పోవడం ఈ శాస్త్రంలో ఉన్న పద్ధతే. అది చూసే కన్ను, చూసింది వినే చెవి, రెండూ ఉన్న చోట ప్రాణాలు నిలుస్తాయి. ఈ పిల్లలు నేర్చుకోబోయేది లోపలున్న కూలీల ప్రాణాలను ముందే కాపాడే విద్య.

2023 నవంబర్‌లో ఉత్తరాఖండ్ సిల్క్యారా సొరంగంలో చిక్కుకున్న 41 మందినీ 17 రోజుల తర్వాత క్షేమంగా బయటికి తెచ్చారు. పైనుంచి తవ్వాలా, పక్కనుంచా, రాయి ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ కూలుతుంది అని చెప్పేవాళ్లు అక్కడా రాత్రింబవళ్లు ఉన్నారు.

దగ్గరి ఉదాహరణలూ తక్కువేం లేవు. పక్కనే నిర్మల్ జిల్లాలో కడెం ప్రాజెక్టు కట్ట 1958లో వరద పైనుంచి పొర్లి తెగింది. 2022 జూలైలో గేట్ల నుంచి వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చి, మళ్లీ తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ఎవరిది తప్పు అన్నది తేల్చే వేదికలు వేరే ఉన్నాయి. మనం గమనించాల్సింది, అది నది ఇసుక మీద నిలబెట్టిన కట్టడమని. ఇసుకలో నీరు ఊరడం సహజం. ఆ నీరు ఇసుకను కూడా మోసుకుపోవడం మొదలైతే పైన ఎంత కాంక్రీటున్నా అడుగు డొల్లవుతుంది. 2025 ఆగస్టు చివరి వారంలో మన పక్కన కామారెడ్డి వైపు కురిసిన వానకు భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వస్తే హైదరాబాద్ దాకా కదిలింది.

1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో భూమి కంపించినప్పుడు మన జిల్లాలోనూ మంచాలు ఊగాయి. దక్కన్ పీఠభూమి గట్టిదని, ఇక్కడ పెద్ద భూకంపాలు రావని అప్పటిదాకా అనుకునేవాళ్లం. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు నిద్రపోతున్న వాళ్ల మీద పడ్డాయి. దాదాపు పదివేల మంది పోయారు. ఆ తర్వాతే దేశపు భూకంప పటాన్ని మార్చి గీశారు. పిల్లల పుస్తకంలో ఆ పటం ఉంటే దాని మీద వేలు పెట్టి ఈ కథ చెప్పండి.

ఇంత చెప్పాక, మీకు ఇవ్వాలనుకున్న అసలు సలహా దగ్గరికి వస్తాను. ఈ పనికి కావాల్సిన గుణం లెక్కల కన్నా ముందు ఇంట్లో అలవడుతుంది. ఎదుటివాళ్లకు రుచించని మాటను మర్యాదగా, గట్టిగా చెప్పగలగడం ఆ గుణం. సైటులో అందరికీ తొందర ఉంటుంది. కాంట్రాక్టరుకు గడువు, ఆఫీసరుకు బిల్లు, నాయకుడికి శంకుస్థాపన తేదీ. ఇరవై అయిదేళ్ల పిల్ల వాళ్ల మధ్య నిలబడి, “నాకు ఇంకా తెలియట్లేదు సార్, ఇంకో రంధ్రం వేద్దాం” అనాలి. ఆ మాట ఖరీదైంది. ఆ మాట అనలేక గుండును పరుపుబండ అని సంతకం పెడితే జరిగే నష్టం ఇంకా ఖరీదైంది.

ఈ ధైర్యం ఏ కాలేజీ ఇవ్వదు. బోరు పాయింట్ పెట్టేటప్పుడు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగే మనిషిని పిలుస్తాం. అప్పుడు మీ పిల్ల, “అమ్మా, పక్క చేన్ల ఎన్ని ఫీట్లకు పడ్డయో అడిగి రాస్కుందాం ముందుగాల” అంటే, “పెద్దలు మాట్లాడుతుంటే నడుమ నీకెందుకు” అని నోరు మూయించకండి. ఆమె మాట వినాలని కూడా లేదు, అననివ్వండి చాలు. పరీక్షలో “రాదు” అని నిజం చెప్పినప్పుడు తిట్లు తిన్న పిల్లలు ముందు ముందు “తెలుసు” అని అబద్ధం చెప్పడం నేర్చుకుంటారు. ఈ వృత్తిలో ఆ అబద్ధం మీద జనం నడుస్తారు.

ఇప్పుడు దారి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే అన్ని తలుపులూ తెరిచి ఉంటాయి. ఒక దారి బీఎస్సీలో జియాలజీ. ఈ సబ్జెక్టు అన్ని డిగ్రీ కాలేజీల్లో ఉండదు. ఉస్మానియా పరిధిలో కొన్నిటిలోనే ఉంటుంది కాబట్టి దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే ముందు చూసుకోవాలి. ఆ తర్వాత ఎమ్మెస్సీ తప్పనిసరి అనే అనుకోండి, ఎందుకంటే మంచి ఉద్యోగాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే ధన్‌బాద్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో నేరుగా చేరొచ్చు. కొత్తగూడెంలో మైనింగ్ చదువుల కోసం వెలసిన పాత కాలేజీని 2025లో మన్మోహన్ సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చారు. మన రాష్ట్రం పిల్లలకు అది కొత్త తలుపు. అడ్మిషన్ ముందు వెళ్లి ల్యాబ్ చూసి, పాఠాలు చెప్పేవాళ్లతో మాట్లాడి రండి. రెండో దారి సివిల్ ఇంజినీరింగ్ చేసి, ఎంటెక్‌లో జియోటెక్నికల్ తీసుకోవడం. అంత దూరం చదివించే స్తోమత లేని ఇంటికి పాలిసెట్ రాసి సివిల్ డిప్లొమా చేసి, మట్టి పరీక్షల ల్యాబులో చేరే దారి కూడా గౌరవమైనదే. అక్కడి నుంచి పని చేస్తూ పైకి చదివిన వాళ్లను నేను ఎరుగుదును.

కేంద్ర ఉద్యోగాలకు యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. ఎమ్మెస్సీ కావాలి, వయసు 21 నుంచి 32, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు. నెగ్గితే 1851లో పుట్టిన జియలాజికల్ సర్వేలోనో, కేంద్ర భూగర్భ జల బోర్డులోనో కొలువు. మన హైదరాబాద్ ఈ చదువుకు ఒక రాజధాని లాంటిదని చాలామందికి తెలియదు. 1961లో వచ్చిన ఎన్‌జీఆర్‌ఐ, జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం, దాని శిక్షణ సంస్థ, అణు ఖనిజాల డైరెక్టరేటు, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్, అన్నీ అక్కడే ఉన్నాయి. కానీ పోస్టులు కొద్దివే. ఒక్క ఆ పరీక్ష మీదే అయిదారేళ్లు కూర్చోబెట్టకండి. ఒక చేత్తో పని, ఇంకో చేత్తో పరీక్ష. ప్రైవేటు కంపెనీలో మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువ, సైటు దూరం, ఇల్లు రేకుల షెడ్డు. సాఫ్ట్‌వేర్‌లో చేరిన పక్కింటి పిల్లాడి జీతంతో పోల్చి మనసు కష్టపెట్టకండి. ఈ వృత్తిలో మనిషి విలువ నెమ్మదిగా పెరుగుతుంది. యాభై పునాదులు చూసినవాడి మాటకున్న బరువు అయిదు చూసినవాడికి రాదు.

గల్ఫ్ వెళ్లొచ్చిన తండ్రులు ఒక్క నిమిషం ఆలోచించండి. దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫాను మీరు కింద నిలబడి తలెత్తి చూసి ఉంటారు. అది నిలబడ్డది గట్టి బండ మీద కాదు, అక్కడ దొరికేది మెత్తటి రాయి. అందుకే ఒక్కోటి యాభై మీటర్ల దాకా దిగిన 192 పైల్స్ మీద దాన్ని నిలిపారు. సముద్రంలో ఇసుక పోసి చేసిన పామ్ జుమేరాలో ఆ ఇసుకను లోపలి నుంచి అదిరించి గట్టిపరిచాకే ఇళ్లు కట్టారు. మీరు ఇటుకలు మోసిన ఆ దేశంలోనే, మీ పిల్లలు ఆ నేల మోస్తుందో లేదో చెప్పే మనుషులుగా వెళ్లొచ్చు. వెళ్లకపోయినా మంచిదే, ఇక్కడా పని ఉంది.

ఆడపిల్లలను గురించి అడిగేవాళ్లు ఎక్కువ. గుట్టల్లో, సైటుల్లో ఎట్లా అని. 1983లోనే సుదీప్తా సేన్‌గుప్తా అనే భూగర్భ శాస్త్రవేత్త అంటార్కిటికా వెళ్లి అక్కడి రాళ్లను చదివింది. భూగర్భ గనుల్లో ఆడవాళ్లు సాంకేతిక పనులు చేయడానికి 2019లో అనుమతి వచ్చింది. ఇబ్బందులు లేవని కాదు. సైటులో బాత్‌రూమ్ ఉందా, రాత్రి ఉండే చోటు ఎట్లాంటిది, ఇంకో అమ్మాయి ఉందా అని చేరేముందే అడగమని మీ బిడ్డకు చెప్పండి. అడిగితే చెడ్డపేరు వస్తుందని జంకొద్దు. “ఇంకో రంధ్రం వేద్దాం” అనాల్సిన పిల్ల ఇది కూడా అడగగలగాలి.

ఇంత చెప్పాక కూడా ఒక అనుమానం మిగలాలి, మిగలడం న్యాయం. పిల్ల ఇష్టం నిజంగా లోతున ఉందా, రీల్స్‌లో ఒక గుహ చూసి పుట్టిన ముచ్చటా? అదీ గుండా, పరుపుబండా అన్న ప్రశ్నే. కసిరితే తేలదు, మెచ్చుకున్నా తేలదు. ఒక పని ఇచ్చి చూడాలి. ఊళ్లో ఎవరి పొలంలోనైనా బోరు వేస్తున్నప్పుడు పంపండి. రాడ్డు మారినప్పుడల్లా వచ్చే పొడిని కొంచెం తీసి కడిగి, ఆరబెట్టి, కాగితంలో పొట్లం కట్టి, మీద లోతు రాయమనండి. రంగు ఎక్కడ మారింది, నీళ్లు ఎన్ని ఫీట్లకు పడ్డాయి, పక్క బోరులో ఎన్ని. రిగ్గుకు, కంప్రెసర్ గొట్టానికి దూరంగా ఉండాలి, చెవుల్లో దూది పెట్టుకోవాలి, చున్నీ ముడి వేసుకోవాలి. రెండు బోర్లకే విసుగొస్తే మంచిదే, ఒక సంవత్సరం ఫీజు మిగిలింది. నాలుగో బోరుకు కూడా పొద్దున్నే లేచి పోతే, మీరు అడ్డం రావద్దు.

ఆ ధర్పల్లి తల్లికి కూడా ఈ పనే చెప్పి వచ్చాను. రెండు వారాలకు ఫోన్ చేసింది.

“సార్, మా మరిది చేన్ల శుక్రారం బండి వస్తదట. పిల్ల రాత్రి సంది పాత పేపర్లు కత్తిరిస్తున్నది. ఇంకేం పట్టుకపోవాలె సార్?”

“ఒక బకెట్, ఒక చాయ జల్లెడ, కలం. నోటుబుక్కు తడవకుండా కవర్ల పెట్టుమను.”

“నేను గూడ పోవాల్నా?”

“పోమ్మా. లోతు నువ్వు చెప్పు, ఆమె రాస్తది.”